స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేనట్టేనా?

పోయిన ఆదివారం మన సంఘం కూడినప్పుడు లైన్ల నుంచి ఒక తల్లి వచ్చింది. చేతిలో పెద్ద కవరు. కొడుక్కి ఇరవై మూడేళ్ళు. ఎవరో తిడుతున్నట్టు చెవిలో వినబడుతోందని ఏడాదిగా అంటున్నాడట. రాత్రుళ్ళు నిద్రపోడు, ఎదురింటివాళ్ళు తన మీద నిఘా పెట్టారంటాడు. మాత్రలు మొదలుపెట్టి నాలుగు నెలలైంది, ఇప్పుడిప్పుడే కొంచెం నిదానించాడు. ఈలోగా ఎవరో చెబితే అప్పుచేసి తల స్కాన్ తీయించారు. రిపోర్టులో అంతా నార్మల్ అని వచ్చింది. "స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేనట్టే కదన్నా? ఇంక మాత్రలు నిలిపేయొచ్చా?" అని అడిగింది.

అక్కడ కూర్చున్న పదిమందిలో ఇద్దరు అవునన్నట్టు తల ఊపారు. మేము ఊరుకోలేకపోయాం. 2011లో సరిగ్గా ఇదే ప్రశ్న మా ఇంట్లో మేమూ వేసుకున్నాం. జవాబు కూడా మేమే చెప్పుకున్నాం. ఆ జవాబు తప్పు. ఆ రోజు టీ తాగుతూ సగం సగం చెప్పింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాం. కొంచెం పొడవు, ఓపిక పట్టండి.

మేము అంటే అమ్మ, అక్క, ఇది రాస్తున్న పెద్దకొడుకు. జబ్బు మా తమ్ముడిది. రాసేముందు వాడిని అడిగాం. చదివి వినిపించమన్నాడు, విన్నాడు, పేరు మాత్రం వేయొద్దన్నాడు. అందుకే పేరు లేదు.

ముందు మన ఊరివాళ్ళకు ఫిల్ము మీద ఎందుకింత నమ్మకమో చెప్పాలి. మా నాయన ఛాంపియన్ రీఫ్‌లో మిషను కొట్టేవాడు. రాయి తొలిచేటప్పుడు లేచే దుమ్ము ముప్పై ఏళ్ళు పీల్చాడు. దగ్గు మొదలైనప్పుడు ఇంట్లో చెప్పేవాడు కాదు. ఆండర్సన్‌పేటలో, మారికుప్పంలో పాత ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు: ఎక్స్‌రే తీస్తారు, ఊపిరితిత్తుల మీద మచ్చలు కనిపిస్తే సిలికోసిస్, కనిపించకపోతే మామూలు దగ్గు. పరిహారం వస్తుందా రాదా అన్నది కూడా ఆ ఫిల్ము మీదే. మనిషి ఆయాసపడుతూ ఎదురుగా నిలబడినా ఫిల్ములో మచ్చ కనబడకపోతే లెక్కలోకి రాడు. తరాల తరబడి అలా బతికిన ఊరు ఇది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి గానీ ఆ అలవాటు మూతబడలేదు. మా అమ్మకు ఇప్పటికీ డాక్టరు మాటకన్నా ఫిల్ము పెద్దది.

తమ్ముడికి 2009లో మొదలైంది. అప్పుడు వాడికి ఇరవై ఒకటి, డిగ్రీ చివరి సంవత్సరం. మొదట స్నేహితులతో మాటలు తగ్గాయి. తర్వాత సైనైడ్ దిబ్బల వైపు ఒంటరిగా నడిచిపోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. తర్వాత రేడియోలో తన గురించే చెబుతున్నారన్నాడు. గాలి సోకిందన్నవాళ్ళున్నారు, పెళ్ళి చేస్తే సర్దుకుంటుందన్నవాళ్ళున్నారు. మేము రెండు గుళ్ళకూ ఒక దర్గాకూ తీసుకువెళ్ళాం, దాచడం ఎందుకు? తొమ్మిది నెలలు పోయాక మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి, బెంగళూరు కంటోన్మెంటులో దిగి, హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌కు వెళ్ళాం. వాళ్ళు గంటన్నర మాట్లాడారు. తమ్ముడితో విడిగా, అమ్మతో విడిగా. స్కిజోఫ్రెనియా అన్నారు. మాత్రలు రాసిచ్చారు. మూడు నెలల్లో వాడు మళ్ళీ ఇంట్లోవాళ్ళతో కూర్చుని భోంచేయడం మొదలుపెట్టాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. 2011లో మా బంధువు ఒకాయన వచ్చి "తలలో జబ్బయితే తల స్కాన్ తీయకుండా మాత్రలెలా ఇస్తారు?" అన్నాడు. సూటిగా తగిలింది. చీటీ ఎక్కడో సంపాదించి, చిట్టీ డబ్బు ఎత్తి, ఒక ప్రైవేటు సెంటరులో ఎంఆర్ఐ తీయించాం. రిపోర్టు నార్మల్. కౌంటరులో కవరిచ్చిన అబ్బాయి నవ్వుతూ "ఏమీ లేదమ్మా, మీవాడు బాగున్నాడు" అన్నాడు. పాపం, మంచిమాటే అనుకుని అన్నాడు. అమ్మ ఆ రోజు సాయంత్రం పాయసం చేసింది. వారం లోపల మాత్రలు నిలిపేశాం. మేమే నిలిపాం, తమ్ముడు కాదు. వాడు రెండుసార్లు అడిగాడు కూడా, "మాత్ర వేసుకోవద్దా?" అని.

ఐదు నెలలు బాగానే గడిచాయి. అదే మోసం. ఆరో నెలలో నిద్ర పోయింది, ఏడో నెలలో తిండి పోయింది, ఎనిమిదో నెలలో వాడే పోయాడు. మూడు రాత్రుల తర్వాత జోలార్‌పేట ప్లాట్‌ఫారం మీద దొరికాడు, కాళ్ళకు చెప్పుల్లేవు, మమ్మల్ని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. మళ్ళీ పాత స్థితికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. పూర్తిగా పాత స్థితి అని కూడా అనలేం. డిగ్రీ ఆ చివరి సంవత్సరంలోనే ఆగిపోయింది.

తర్వాత తెలిసింది, ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదని. 65 పరిశోధనలను కలిపి చూసిన లెక్క ఒకటి 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏడాది లోపల జబ్బు తిరగబెట్టినవాళ్ళు మందు కొనసాగించినవాళ్ళలో నూటికి 27 మంది, మందు ఆపి ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 64 మంది. మాత్రలు పనిచేస్తున్నాయి కాబట్టే వాడు బాగున్నాడు. బాగున్నాడు కాబట్టి మాత్రలెందుకని మేము అనుకున్నాం.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ ఫిల్ము పట్టుకుని డాక్టరును నిలదీశాం. కోపంగానే. "దీంట్లో ఏమీ లేదన్నారు, మరి వీడికి ఏమైంది?" ఆమె కోప్పడలేదు. ఆ రోజు ఆమె చెప్పిందీ, తర్వాత మేము చదువుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాం.

మామూలు స్కాన్ తీసేది వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి. గడ్డ ఉందా, రక్తం కారిందా, నీరు చేరిందా, పాత దెబ్బ ఉందా అని చూస్తారు. అలాంటివి లేకపోతే నార్మల్ అని రాస్తారు. ఆ నార్మల్ అన్న మాటకు "ఇవి లేవు" అని మాత్రమే అర్థం. "మనిషికి జబ్బు లేదు" అని కాదు. స్కిజోఫ్రెనియా ఉందా లేదా అని ఒక మనిషి ఫిల్ము చూసి చెప్పగలిగే స్కాన్ ప్రపంచంలో ఎక్కడా లేదు. అమెరికాలోనూ లేదు. మాట్లాడి, విని, నెలల తరబడి గమనించి చెప్పాల్సిందే.

"అంటే మెదడులో ఏ తేడా లేదా?" అని అక్క అడిగింది. ఉంది. ఇక్కడే సంగతి కొంచెం చిక్కు.

మన ఊరి కథతో చెబుతాం. 1902 జూన్ 30న శివనసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు వచ్చింది. దాదాపు 148 కిలోమీటర్ల లైను. బెంగళూరు వీధుల్లో దీపం వెలగడానికి ఇంకా మూడేళ్ళు ఉండగానే మన గనుల్లో కరెంటు. మన తాతలు ఇది గొప్పగా చెప్పుకునేవారు, మనమూ చెప్పుకుందాం. ఆ రోజుల్లో గనిలో మోటారు నిదానిస్తే తప్పు మోటారులో ఉండొచ్చు, శివనసముద్రంలో ఉండొచ్చు, మధ్యలో లైనులోనూ ఉండొచ్చు. రెండు చివర్లూ చూసి బాగున్నాయంటే సరిపోదు.

మెదడు కూడా అంతే. పైపైన ఉండే బూడిదరంగు భాగంలో నాడీకణాలుంటాయి, లెక్క చేసే పని అక్కడ. లోపల తెల్లగా ఉండే భాగం ఒక చోటినుంచి ఇంకో చోటికి కబురు మోసే తీగల కట్టలు. ఒక్కో తీగ చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, తెల్లరంగు దానిదే. ఆ పొర ఉంటే కబురు వేగంగా పోతుంది. ఇరవై ఏళ్ళ మనిషి మెదడులో ఈ తీగలన్నీ వరసగా పరిస్తే సుమారు లక్షన్నర కిలోమీటర్లు అవుతాయని లెక్క కట్టినవాళ్ళున్నారు. శివనసముద్రం లైను వెయ్యిసార్లు వేసినట్టు. కుడి సగాన్నీ ఎడమ సగాన్నీ కలిపే కట్ట ఒక్కదానిలోనే 20 కోట్ల తీగలు, దాన్ని కార్పస్ కలోజమ్ అంటారు. ఈ లైన్లు వేయడం పుట్టుకతో ముగిసిపోదు, ఇరవైలు దాటాక కూడా సాగుతుంది. స్కిజోఫ్రెనియా ఎక్కువగా బయటపడేదీ దాదాపు ఆ వయసులోనే. మా తమ్ముడికి ఇరవై ఒకటి. ఆ తల్లి కొడుక్కి ఇరవై రెండు, ఇరవై మూడు.

ఈ జబ్బులో చెడేది మెదడులోని ఏదో ఒక చోటు కాదు, చోట్ల మధ్య పొత్తు అని 19వ శతాబ్దం చివర్లోనే కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు అనుమానించాడు. బతికున్న మనిషిలో చూసే దారి అప్పుడు లేదు. 1994లో డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే పద్ధతి వచ్చింది, పొట్టిగా డీటీఐ. ఎంఆర్ఐ మిషను మీదే చేస్తారు, కానీ చూసేది ఫోటో కాదు, నీటి కదలిక. నూలుగుడ్డ మీద నీటిబొట్టు వేస్తే నాలుగువైపులా గుండ్రంగా పరుచుకుంటుంది. చీపురుకట్ట మీద వేస్తే పుల్లల వెంబడి పోతుంది, అడ్డంగా పోలేదు. మెదడులో నీరు కూడా తీగల వెంబడే ఎక్కువగా కదులుతుంది. ఎంత వరకు ఒకే దిక్కుకు కదులుతోందో సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకెతో చెబుతారు, దాన్ని ఎఫ్ఏ అంటారు. కట్ట పొందికగా ఉంటే అంకె ఎక్కువ. తీగలు పలచబడినా, పొర తగ్గినా, తీగలు ఒకదాన్నొకటి దాటిపోయినా, ఆఖరికి మిషనులో తల కదిలినా అంకె తగ్గుతుంది. అందుకే అంకె తగ్గితే తీగ తెగిందని అనుకోకూడదు.

2018లో ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. ఎనిగ్మా అనే పేరుతో చాలా దేశాల పరిశోధకులు తమ స్కాన్లను ఒకచోట కలిపారు: 29 చోట్ల నుంచి 4,322 మంది. అందులో 1,963 మందికి స్కిజోఫ్రెనియా, మిగతా 2,359 మందికి లేదు. తెల్ల భాగంలో 25 చోట్లు కొలిస్తే 20 చోట్ల జబ్బున్నవాళ్ళ సగటు అంకె తక్కువగా ఉంది. ఏదో ఒక్క లైను కాదు, మెదడంతా పరుచుకున్న తేడా. మాత్రల మోతాదుకూ ఈ తేడాకూ సంబంధం వాళ్ళకు కనబడలేదు. "ఆ మాత్రలే మెదడును పాడుచేశాయి" అనేవాళ్ళు ఇది గమనించాలి.

కానీ ఆ తేడా ఎంత? చిన్నది. వాళ్ళు చెప్పిన కొలత 0.42. ఆ కొలతను మామూలు మాటలోకి మేము ఇలా మార్చుకున్నాం: జబ్బున్న ఒకరినీ లేని ఒకరినీ జతగా తీసుకుని, పేర్లు చూడకుండా, అంకె తక్కువున్నవారే రోగి అని పందెం కడితే, నూరు జతల్లో 62 సార్లు గెలుస్తాం. బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు గెలుస్తాం. జబ్బున్నవాళ్ళలో ఎంతోమంది అంకె జబ్బులేని మనకన్నా బాగుంటుంది, మనలో ఎంతోమంది అంకె వాళ్ళకన్నా తక్కువుంటుంది. వేలమందిని కలిపితేనే తేడా తేలుతుంది. ఒక్కడిని విడిగా నిలబెడితే అదే తేడా కనబడకుండా పోతుంది. నాయన ఎక్స్‌రే మీద మచ్చలాంటిది కాదు ఇది. మాకు ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది, అర్థమయ్యాక ఆ పాయసం గుర్తొచ్చి చాలాసార్లు బాధపడ్డాం.

నిమ్హాన్స్‌లోనూ ఈ జబ్బు మీద మెదడు స్కాన్ పరిశోధనలు ఏళ్ళుగా జరుగుతున్నాయి. అక్కడి గణేశన్ వెంకటసుబ్రమణియన్‌గారు ఇంకా మందు మొదలుపెట్టని రోగుల మెదళ్ళను కూడా పరిశీలించారు. మందు వల్ల వచ్చిన తేడా ఏదో జబ్బుది ఏదో విడదీయడానికి అది ముఖ్యం. 2018లో ఆయనకు భట్నాగర్ పురస్కారం వచ్చింది. మనకు వంద కిలోమీటర్ల దూరంలో జరిగే పని ఇది, మన పిల్లలకు చెప్పాలి.

తమ్ముడు కూడా కొన్నేళ్ళ కింద బెంగళూరులో ఒక పరిశోధనలో స్కాన్‌కు ఒప్పుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. కాగితం చదివి తెలుగులో చెప్పారు, వద్దంటే వైద్యం ఆగదన్నారు, అప్పుడు సంతకం పెట్టాడు. లోపలికి వెళ్ళేముందు భయపడ్డాడు. బయటికి వచ్చాక నవ్వుతున్నాడు. "టకటకటక అని ఒకటే మోత. నాయన మిషను శబ్దం ఇలాగే ఉండేదేమో" అన్నాడు. నాయన ఎప్పుడూ మమ్మల్ని లోపలికి తీసుకుపోలేదు, ఆ శబ్దం మాలో ఎవరం వినలేదు. స్కాన్ చేసిన అమ్మాయిని అమ్మ రిపోర్టు అడిగింది. "రిపోర్టు ఉండదమ్మా. మీ అబ్బాయిది ఒక్కటీ చూస్తే మాకూ ఏమీ తెలియదు. అందరివీ కలిపితేనే తెలుస్తుంది" అంది. అమ్మకు ఆ మాట నచ్చలేదు. మాకు మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అంత నిజాయితీగా చెప్పలేదనిపించింది.

అమ్మకు వేరే విధంగా మేలు జరిగింది. వాడి జబ్బు తన తప్పేనని ఆమె లోపల అనుకుంటూ ఉండేది. నాయన పోయిన ఏడాది వాడిని పట్టించుకోలేదని, పరీక్ష తప్పినప్పుడు తిట్టానని. మెదడులో లైన్ల పొందికలోనే సన్నని తేడా ఉంటుందట, పెంపకంలో తిట్టడం వల్ల వచ్చే జబ్బు కాదట అని విన్న రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్ళి పడుకుంది, సాయంత్రం దాకా లేవలేదు. అంత నిద్ర ఆమె పోవడం మేము చూడలేదు.

అదే మాట విన్న మా బంధువుకు ఇంకోలా అర్థమైంది. "వైర్లే కాలిపోయాయంటే ఇంక బాగయ్యేదేముంది?" అన్నాడు. అందుకే శివనసముద్రం పోలిక చెప్పేటప్పుడు మేము భయపడుతూనే చెబుతాం. వైర్లు కాలలేదు. సగటులో చిన్న తేడా అంతే. పైగా అంకె ఎంతో చెప్పినంత మాత్రాన ఆ మనిషి రేపు ఎలా ఉంటాడో చెప్పలేరు. మా తమ్ముడు ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఒక అంగడిలో లెక్కలు రాస్తాడు. నెలలో నాలుగైదు రోజులు వెళ్ళలేడు. అంగడాయన అది తెలిసే పెట్టుకున్నాడు.

ఇంకో ముక్క, సర్టిఫికెట్ గురించి అడిగినవాళ్ళకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. దానికి ఐడియాస్ అనే కొలత వాడతారు. తన పనులు తాను చేసుకోగలడా, మనుషులతో మెలగగలడా, మాట్లాడి అర్థం చేసుకోగలడా, పనికి వెళ్ళగలడా, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది అని చూస్తారు. 40 శాతం ఉంటే కార్డు. అందులో తల స్కాన్ అని ఒక గడి కూడా లేదు. మా కవరు తీసుకువెళ్తే పక్కన పెట్టి, అమ్మతో మాట్లాడారు.

ఇది నలుగురికి వచ్చే జబ్బు కాదని కొందరు అనుకుంటారు. 2015-16లో నిమ్హాన్స్ దేశంలో మానసిక ఆరోగ్య సర్వే చేసింది. అసలు సర్వేకు ముందు నమూనాగా చేసి చూసింది మన కోలారు జిల్లాలోనే. ఆ సర్వే ప్రకారం ఇలాంటి జబ్బులు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్ళు నూటికి 1.4 మంది. మన ఆండర్సన్‌పేట వీధులు లెక్కపెట్టుకోండి. ఎన్ని ఇళ్ళలో లోపలి గది తలుపు వేసి ఉందో మనకు తెలుసు, అడగం అంతే.

ఆ తల్లికి మా జవాబు ఇక్కడ కూడా రాస్తున్నాం. మాత్రలు మీ అంతట మీరు నిలపొద్దమ్మా. తగ్గించాలన్నా మార్చాలన్నా రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడాకే. మాత్రల వల్ల ఒళ్ళు బరువెక్కుతోంది, పొద్దున లేవలేకపోతున్నాడు అన్నారు కదా, అది కూడా వాళ్ళతోనే చెప్పండి, దానికి దారులున్నాయి. రాత్రిపూట ఏదైనా అయితే 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. స్కాన్ కోసం చేసిన అప్పు విషయం సంఘంలో విడిగా మాట్లాడదాం, ఇక్కడ వద్దు.

వచ్చే మంగళవారం మేము బెంగళూరు వెళ్తున్నాం, తమ్ముడి తేదీ అది. మీరూ అబ్బాయిని తీసుకుని మారికుప్పం స్టేషనుకు పొద్దున్నే వచ్చేయండి, కలిసి వెళ్దాం. పాత చీటీలు, మాత్రల అట్టలు, ఆధార్ తెచ్చుకోండి. ఫిల్ము తెచ్చినా సరే, తేకపోయినా సరే. అబ్బాయి పక్కన తానే కూర్చుంటానని తమ్ముడు అన్నాడు. కిటికీ సీటు మాత్రం ఇవ్వడట.